మిడిల్టన్ ప్లేస్: పూలతోట వెనక వరి పొలం

సంక్షిప్తంగా: అమెరికాలోని సౌత్ కరోలినా రాష్ట్రంలో, చార్లెస్టన్ నగరానికి దగ్గరగా ఆష్లీ నది ఒడ్డున మిడిల్టన్ ప్లేస్ ఉంది. 1741లో మొదలైన ఈ తోటను ఆ దేశంలో మిగిలిన అతి పాత ల్యాండ్‌స్కేప్ తోటగా చెబుతారు. వరి మీద వచ్చిన సొమ్ముతో, బానిసల చాకిరీతో ఇది తయారైంది. ఇలాంటి చోట్లకు సరదాగా వెళ్లడం సబబేనా అన్న వాదన అక్కడ ఏళ్లుగా నడుస్తోంది. తోటను ఒక విషయంగా, బానిసత్వాన్ని మరో విషయంగా విడదీసి చూపించడమే ఈ గందరగోళానికి మూలం. నిజానికి తోటనూ, దాన్ని పోషించిన వరి పొలాన్నీ కట్టింది ఒకే రకమైన మట్టిపని, ఒకే నీటి లెక్క, ఒకే మనుషులు.

వాదన మళ్లీ ఎందుకు లేచింది

2025 మే నెలలో లూసియానా రాష్ట్రంలోని నాటొవే అనే ప్లాంటేషన్ (బానిసలతో సాగు చేయించిన పెద్ద ఎస్టేట్) భవనం కాలిపోయింది. 1859లో పూర్తయిన ఆ భారీ కట్టడం అప్పటికి హోటల్‌గా, పెళ్లిళ్ల వేదికగా నడుస్తోంది. వార్త రాగానే సోషల్ మీడియాలో కొందరు వారసత్వ సంపద పోయిందని బాధపడ్డారు, ఇంకొందరు బహిరంగంగానే సంబరపడ్డారు. ఒక పాత భవనం కాలిపోతే ఇంత తేడాగా స్పందన రావడం బయటివాళ్లకు వింతగానే అనిపిస్తుంది. ఆ ఊళ్ల చరిత్ర తెలిసినవాళ్లకు వింతేమీ కాదు.

దక్షిణాది రాష్ట్రాల్లో ఇలాంటి ఎస్టేట్‌లు చాలా ఉన్నాయి. చార్లెస్టన్ దగ్గర ఆష్లీ రివర్ రోడ్డు మీద డ్రేటన్ హాల్, మాగ్నోలియా, మిడిల్టన్ ప్లేస్ వరసగా వస్తాయి. షార్లెట్ నుంచి మూడున్నర గంటలు, అట్లాంటా నుంచి అయిదు గంటల డ్రైవ్ కాబట్టి ఆ నగరాల్లో ఉంటున్న తెలుగు కుటుంబాలకు కూడా ఇది లాంగ్ వీకెండ్ ప్రయాణం. బ్రోషర్లలో అజేలియా పూలు, నాచు వేలాడే ఓక్ చెట్లు, తెల్లటి వంతెన కనిపిస్తాయి. ఆ తోట ఎవరి డబ్బుతో, ఎవరి చేతులతో వచ్చిందన్నది ఆ బొమ్మల్లో ఉండదు.

1741లో అక్కడ ఏం జరుగుతోంది

మిడిల్టన్ ప్లేస్ హెన్రీ మిడిల్టన్‌కు పెళ్లితో వచ్చిన ఆస్తి. 1741లో మేరీ విలియమ్స్‌ను పెళ్లి చేసుకున్నప్పుడు ఇల్లు, దాని చుట్టూ ఉన్న భూమి ఆయన చేతికొచ్చాయి. ఆ ఏడాదే తోట పని మొదలుపెట్టాడు. తర్వాతి కాలంలో ఆయన ఆస్తి సుమారు 50,000 ఎకరాలకు, బానిసల సంఖ్య 800కు చేరింది. 1774లో అమెరికాలోని బ్రిటిష్ వలస రాజ్యాల ప్రతినిధుల సభ అయిన మొదటి కాంటినెంటల్ కాంగ్రెస్‌కు కొద్ది రోజులు అధ్యక్షుడిగా కూడా ఉన్నాడు. కొడుకు ఆర్థర్ 1776లో స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేశాడు. మునిమనవడు విలియమ్స్ 1860లో సౌత్ కరోలినా దేశం నుంచి విడిపోయే తీర్మానం మీద సంతకం పెట్టాడు. దేశం పుట్టుకకు ఒకరు, దాన్ని చీల్చడానికి మరొకరు. ఆ రెండు సంతకాల మధ్య ఈ కుటుంబాన్ని పోషించింది మాత్రం వరే.

అయితే 1741 అన్న తేదీని విడిగా చూడకూడదు. దానికి రెండేళ్ల ముందు, 1739 సెప్టెంబరులో, చార్లెస్టన్‌కు నైరుతిగా స్టోనో నది దగ్గర బానిసలు తిరగబడ్డారు. స్పానిష్ వాళ్ల అధీనంలో ఉన్న ఫ్లోరిడాకు చేరితే స్వేచ్ఛ దొరుకుతుందని దక్షిణంగా నడిచారు. తిరుగుబాటును అణిచేసిన తర్వాత 1740లో బ్రిటిష్ వలస ప్రభుత్వం నీగ్రో యాక్ట్ పేరుతో కఠినమైన చట్టం తెచ్చింది. బానిసలు గుంపుగా చేరకూడదు, సొంతంగా సంపాదించుకోకూడదు, రాయడం నేర్చుకోకూడదు. అప్పటికే ఆ వలస రాజ్యంలో తెల్లవాళ్ల కంటే నల్లవాళ్లే ఎక్కువ. భూస్వాముల భయానికి అది ఒక కారణం.

అంటే చట్టం వచ్చిన మరుసటి ఏడాదే, తిరుగుబాటు జరిగిన చోటికి పెద్ద దూరం లేని ఒక ఎస్టేట్‌లో, ప్రతి చెట్టూ ప్రతి గట్టూ కొలత ప్రకారం నిలబడే తోట మొదలైంది. ఒకటి రెండోదానికి కారణమని చెప్పడానికి ఆధారం లేదు. కానీ అతిథి వచ్చి ఇంటి మెట్ల మీద నిలబడితే, కనుచూపు మేర అంతా తమ అదుపులో ఉందని ఒక్క చూపులో అర్థమయ్యేలా ఆ తోట ఉంది. ఆ రోజుల్లో అలాంటి దృశ్యానికి ఉన్న విలువ మామూలుది కాదు.

ఒకే గీత మీద తోట

తోట నమూనా ఫ్రాన్స్‌ది. 17వ శతాబ్దంలో వెర్సాయ్ తోటలు వేసిన ఆంద్రే ల నోత్ర్ పద్ధతి ఇది. ఇంటి మధ్య నుంచి ఒక సరళరేఖ గీస్తారు. దానికి రెండు వైపులా ఒకదానికొకటి అద్దంలా సరిపోయేలా చెట్లు, బాటలు, నీళ్లు అమరుస్తారు. మిడిల్టన్ ప్లేస్‌లో ఆ గీత ఎంట్రన్స్ గేటు దగ్గర మొదలై, పచ్చిక బయలు మీదుగా, ఇల్లు ఉన్న చోటు దాటి, మెట్లుమెట్లుగా దిగే గడ్డి గట్ల మీదుగా, సీతాకోకచిలుక రెక్కల ఆకారంలో తవ్విన జంట చెరువుల మధ్య నుంచి ఆష్లీ నదికి చేరుతుంది. అక్కడ నది వంపు తిరగడం వల్ల, పై నుంచి చూస్తే నీరు కూడా అదే గీతలో ముందుకు సాగుతున్నట్టు ఉంటుంది. నదిని ఎవరూ మళ్లించలేదు. ఇల్లు, తోట దాని వంపుకు సరిపోయేలా అమిరాయి.

ఆ సమయానికి ఇంగ్లండులో ఈ ఫ్యాషన్ పాతబడిపోతోంది. అక్కడి జమీందార్లు గీతల తోటలు తీసేసి, సహజంగా పెరిగినట్టు కనిపించే పచ్చిక మైదానాలు, వంకర చెరువులు వేయిస్తున్నారు. కరోలినాలో మాత్రం పాత పద్ధతే ఎంచుకున్నారు. గీతల తోటకు ఒక లక్షణం ఉంది: కత్తిరించే చేయి ఆగితే రెండేళ్లలో ఆకారం పోతుంది. కూలి ఇవ్వక్కర్లేని మనుషులు వందల్లో ఉన్నప్పుడు ఆ చింత లేదు.

సుమారు 65 ఎకరాల ఆ తోట పూర్తి కావడానికి వంద మంది బానిసలకు పదేళ్లు పట్టిందని అక్కడి ఆనవాయితీ కథనం. ఆ సంఖ్యలు అచ్చంగా అంతే కాకపోవచ్చు కానీ పని స్వభావం చూస్తే అతిశయోక్తిగా అనిపించదు. చార్లెస్టన్ చుట్టుపక్కల నేల పళ్లెంలా చదునుగా ఉంటుంది. నది ఒడ్డున ఉన్న మిట్టను పారలతో చెక్కి, మట్టి మోసి, గట్లు పోసి, అవి వానకు కరిగిపోకుండా గడ్డి పట్టించాలి. కింద చెరువులు తవ్వి, నది పోటుకు నీరు ఎక్కకుండా కట్ట కట్టాలి.

గట్టు, తూము, చేట

ఆ పని ఎక్కడ నేర్చుకున్నారన్న ప్రశ్నకు జవాబు తోటలో లేదు, వరి పొలంలో ఉంది. కృష్ణా గోదావరి డెల్టాల్లో పొలం చూసి పెరిగినవారికి ఈ భాగం వివరించి చెప్పక్కర్లేదు కానీ కరోలినాలో ఒక తేడా ఉంది. అక్కడ కాలువ లేదు. సముద్రపు పోటే కాలువ పని చేస్తుంది.

పోటు వచ్చినప్పుడు సముద్రం నదిలోని మంచినీటిని వెనక్కి నెడుతుంది. నీటి మట్టం పెరుగుతుంది. ఆ సమయానికి నదివైపు తూము తెరిస్తే పొలం నిండుతుంది. ఆటు సమయంలో తెరిస్తే పొలం ఖాళీ అవుతుంది. ఆ తూము కట్టకు అడ్డంగా పూడ్చిన పొడవాటి చెక్క పెట్టె. రెండు కొసల్లో రెండు తలుపులు వేలాడుతుంటాయి. ఒక తలుపు ఎత్తి ఉంచితే రెండోది నీటి ఒత్తిడికి తనంతట తానే తెరుచుకుంటుంది, పోటు తిరగ్గానే మూసుకుంటుంది. వినడానికి ఎంత సులువో నడపడానికి అంత కష్టం. నదిలో ఉప్పు ఎంత దూరం ఎక్కిందో నాలుక మీద చూసి తెలుసుకునే మనిషి కావాలి. ఒక్క పోటు తప్పుగా లోపలికి వదిలితే పంట మొత్తం పోతుంది. తూము చూసుకునే ఆ మనిషీ బానిసే.

దీనికంటే ముందు చిత్తడి నేలల పైభాగంలో కట్ట కట్టి, చెరువులా నీరు నిలిపి, కింది మళ్లకు వదిలేవారు. 18వ శతాబ్దం రెండో సగంలో పోటు సాగు పెరిగింది. పశ్చిమ ఆఫ్రికా తీరంలో, సెనెగాంబియా నుంచి సియెరా లియోన్ వరకు, వరి తరతరాల పంట. అక్కడి నుంచి పట్టుకొచ్చిన మనుషుల పరిజ్ఞానం కరోలినా వరిలో ఎంత ఉందన్నదానిపై చరిత్రకారుల మధ్య ఇంకా వాదం ఉంది. కొందరు అదే పునాది అంటారు, కొందరు యజమానుల ప్రయోగాలు కూడా అంతే ముఖ్యమంటారు. పనిముట్ల విషయంలో మాత్రం ఆఫ్రికా ముద్ర స్పష్టంగా కనిపిస్తుంది. వడ్లు దంచింది చెక్క రోట్లో రోకలితో. చెరిగింది తుంగ జాతి గడ్డిని చుట్టలు చుట్టి కుట్టిన వెడల్పాటి చేటతో. ఆ అల్లిక పని ఇప్పటికీ బతికే ఉంది. చార్లెస్టన్ పక్కనే మౌంట్ ప్లెజెంట్ దగ్గర, హైవే 17 పొడవునా, ఆ బానిసల వారసులైన గల్లా గీచీ సముదాయం వాళ్లు స్వీట్‌గ్రాస్ బుట్టలు అల్లి అమ్ముతుంటారు.

నీటితో నడిచే వరి మిల్లులు 1780ల చివర్లో గానీ రాలేదు. అప్పటిదాకా ఎగుమతికి వెళ్లిన బియ్యాన్నంతా చేత్తోనే దంచారు. పగలు పొలం పని అయ్యాక ఆ దంపుడు. పైగా బురద, దోమలు, మలేరియా. వేసవి వచ్చేసరికి యజమానుల కుటుంబాలు చార్లెస్టన్‌కో, ఉత్తరాదిన న్యూపోర్ట్‌కో వెళ్లిపోయేవి. అందుకే తోటలో చలికాలం, వసంతం పూలకు అంత ప్రాధాన్యం. ఇంట్లోవాళ్లు ఉండేది అప్పుడే.

ఇంకో సంగతి చాలామంది సందర్శకుల దృష్టికి రాదు. మిడిల్టన్ ప్లేస్ ఆ కుటుంబానికి నివాసం, పెత్తనం నడిపే చోటు. వరి సంపదలో ఎక్కువ భాగం కాంబహీ నది వంటి చోట్ల ఉన్న వేరే పొలాల నుంచి వచ్చింది. అక్కడ తోటలు లేవు, అతిథులు రారు. అంతర్యుద్ధం నడుస్తుండగా 1863 జూన్‌లో, తాను బానిసత్వం నుంచి తప్పించుకున్న హ్యారియెట్ టబ్‌మన్ దారి చూపగా, ఉత్తరాది పక్షపు యూనియన్ సైన్యం పడవల్లో వెళ్లి 700 మందికి పైగా బానిసలను విడిపించింది ఆ కాంబహీ ఒడ్డునే. ఈ రోజు మిడిల్టన్ ప్లేస్‌లో సందర్శకులకు చూపించేది ఒక చిన్న నమూనా వరి మడి. దాన్ని చూసి అసలు సాగు పరిమాణం అంచనా వేస్తే పొరపాటే.

ఇల్లు పోయి తోట మిగలడం

1865 ఫిబ్రవరి 22న యూనియన్ సైనికులు ఇంటికి నిప్పు పెట్టారు. మొండి గోడలు నిలబడ్డాయి. 1886 ఆగస్టు 31న వచ్చిన చార్లెస్టన్ భూకంపంలో అవి కూడా కూలాయి. 1755లో ప్రధాన భవనానికి రెండు పక్కలా కట్టిన భవనాల్లో దక్షిణం వైపుది మాత్రమే మిగిలింది. ఇప్పుడు హౌస్ మ్యూజియం అంటే అదే. ఒకప్పుడు మగ అతిథుల గదులు, ఎస్టేట్ ఆఫీసు ఉన్నది అందులోనే. ప్రధాన భవనం ఉన్న చోట ఇటుకల కుప్ప ఉంటుంది. తోట గీత ఆ కుప్ప మధ్య నుంచే పోతుంది.

బానిసత్వం పోయాక వరి సాగు కూలి డబ్బుతో గిట్టుబాటు కాలేదు. పెద్ద తుఫాన్లు కట్టలు తెంచాయి. లూసియానా, ఆర్కన్సాల్లో యంత్రాలతో పండించే వరి పోటీకి వచ్చింది. ఆష్లీ ఒడ్డున కొన్నేళ్లు ఎరువుకు వాడే ఫాస్ఫేట్ తవ్వకాలు భూస్వాములను కాస్త ఆదుకున్నాయి. తోట మాత్రం పొదల్లో మునిగిపోయింది. 1920ల్లో వారసుడు జె.జె. ప్రింగిల్ స్మిత్, ఆయన భార్య హెనింగమ్ అక్కడికి వచ్చి దాన్ని మళ్లీ బయటికి తీశారు. 1941లో, తోటకు 200 ఏళ్లు నిండినప్పుడు, గార్డెన్ క్లబ్ ఆఫ్ అమెరికా దీనికి పతకం ఇచ్చి దేశంలోనే అత్యంత ముఖ్యమైన తోటగా గుర్తించింది. 1974 నుంచి లాభాపేక్ష లేని ఫౌండేషన్ నిర్వహణలో ఉంది.

మట్టితో చేసిన తోట మంటకు కాలలేదు. యజమాని కట్టుకున్న ఇల్లు పోయింది గానీ, బానిసలు పోసిన గట్లు ఇప్పటికీ ఉన్నాయి. అక్కడ దొరికే అతి పెద్ద చారిత్రక సాక్ష్యం ఆ మట్టిపనే. చాలామంది దాని ముందు నిలబడి ఫొటో దిగి, చరిత్ర అంటే ఏదో మ్యూజియం గదిలో ఉంటుందనుకుని ముందుకు వెళ్లిపోతారు.

పక్కనే మాగ్నోలియా, పూర్తిగా వేరే దారి

కొద్ది మైళ్ల దూరంలోని మాగ్నోలియాను చూస్తే పోలిక తేలిగ్గా అర్థమవుతుంది. డ్రేటన్ కుటుంబం 1676 నుంచి అక్కడ ఉంది. ఇప్పుడు జనం చూసే తోటకు రూపం ఇచ్చింది మాత్రం 1840ల నుంచి జాన్ గ్రిమ్కే డ్రేటన్ అనే చర్చి ఫాదర్. బానిసత్వానికి వ్యతిరేకంగా పోరాడిన గ్రిమ్కే అక్కచెల్లెళ్లకు మేనల్లుడు. అయినా ఎస్టేట్ నడిచింది బానిసలతోనే. ఆయన తోటలో గీతల్లేవు. వంకర బాటలు, నల్లటి చిత్తడి నీటి మీద వంతెనలు, గుబురుగా పెరగనిచ్చిన అజేలియాలు. అంతర్యుద్ధం తర్వాత అప్పుల్లో పడి, ఎస్టేట్ నిలబెట్టుకోవడానికి 1870 ప్రాంతంలోనే టికెట్ పెట్టి జనాన్ని రానిచ్చాడు. చార్లెస్టన్ నుంచి స్టీమర్లలో వచ్చేవారు. అంతకుముందు బానిసగా ఉండి, తర్వాత స్వేచ్ఛ పొందిన ఆడమ్ బెనెట్ ఆ తోటకు సూపరింటెండెంట్‌గా పనిచేశాడు.

అంటే ఈ తోటల టూరిజం కొత్తది కాదు. వరి నష్టాన్ని పూలతో పూడ్చుకునే ప్రయత్నంగా మొదలైంది. డబ్బు పెట్టి వచ్చే సందర్శకుడికి కావలసింది ఆహ్లాదం కాబట్టి, ఆహ్లాదానికి అడ్డమొచ్చేది కథలోంచి తప్పుకుంది. ఆ తీరు వందేళ్లకు పైగా సాగింది.

ఇప్పుడు ఏది మారింది, ఏది మారలేదు

మార్పు ఉంది. మిడిల్టన్ ప్లేస్‌లో 1870 ప్రాంతంలో కట్టిన ఎలిజాస్ హౌస్ అనే చెక్క ఇంట్లో బానిసత్వం మీద ప్రదర్శన ఉంది. మిడిల్టన్ కుటుంబం కింద బానిసలుగా బతికిన రెండు వేలకు పైగా మనుషుల పేర్లను రికార్డుల్లోంచి సేకరించారు. మాగ్నోలియాలో బానిసల గుడిసెలు బాగుచేసి, వాటి మీద ప్రత్యేక టూర్ నడుపుతున్నారు. లూసియానాలో విట్నీ ప్లాంటేషన్ 2014లో తెరిచినప్పుడే మొత్తం కథను బానిసల వైపు నుంచి చెప్పింది. చార్లెస్టన్‌లో, బానిసల ఓడలు ఆగిన గాడ్‌స్‌డెన్ రేవు దగ్గర, 2023లో ఇంటర్నేషనల్ ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియం తెరిచారు.

అమరిక మాత్రం చాలాచోట్ల పాతదే. తోట ఒక టూర్, ఇల్లు ఇంకో టూర్, బానిసత్వం మరో టూర్. టైం తక్కువున్న కుటుంబం మొదటిదాంతో సరిపెట్టుకుంటుంది. గట్ల దగ్గర నిలబడి ఆ గట్టు ఎలా పోశారో, తూము ఎలా పనిచేస్తుందో అక్కడే చెబితే విడిగా టూర్ పెట్టాల్సిన అవసరమే సగం తగ్గుతుంది.

పెళ్లిళ్ల సంగతి ఇంకా చిక్కు. ఈ ఎస్టేట్‌లకు పెళ్లిళ్లు పెద్ద ఆదాయం. 2019 చివర్లో కలర్ ఆఫ్ చేంజ్ అనే హక్కుల సంస్థ ఒత్తిడితో బొమ్మలు పంచుకునే సైట్ పింటరెస్ట్, పెళ్లి ఏర్పాట్ల సైట్ ది నాట్ ప్లాంటేషన్ పెళ్లిళ్ల ప్రచారాన్ని తగ్గిస్తామన్నాయి. నటుడు ర్యాన్ రెనాల్డ్స్ 2012లో చార్లెస్టన్ దగ్గరి బూన్ హాల్‌లో పెళ్లి చేసుకున్నందుకు 2020లో క్షమాపణ చెప్పాడు. పెళ్లిళ్లు ఆపితే తోట నిర్వహణకు డబ్బు ఎక్కడిదని ఎస్టేట్‌లు అడుగుతాయి. శ్మశానం లాంటి చోట డాన్సులేమిటని అవతలివారు అడుగుతారు. టికెట్ల మీద, విరాళాల మీద బతికే సంస్థకు మొదటి ప్రశ్న నిజమైనదే. కానీ ఒకప్పుడు ఉచిత చాకిరీతో మాత్రమే నిలిచిన తోటను ఈ రోజు జీతాలిచ్చి అదే స్థాయిలో నిలపాలంటే ఖర్చు ఎంతవుతుందో కూడా ఆ ప్రశ్నే చెబుతోంది.

ముందు ముందు వచ్చే ఇబ్బంది నీటితో. చార్లెస్టన్‌లో పోటు ముంపు రోజులు పెరుగుతున్నాయి. ఆష్లీ నదికి సముద్రపు పోటు తగులుతుంది కాబట్టి నది మట్టం పెరిగితే ముందు దెబ్బతినేది జంట చెరువుల కట్ట, వరి మిల్లు పక్కన చెరువు. ఉప్పునీరు వేర్లకు చేరితే ఓక్ చెట్లు, కెమీలియాలు తట్టుకోలేవు. కట్ట ఎత్తు పెంచితే నదికీ తోటకూ మధ్య ఉన్న దృశ్యం చెడుతుంది.

వెళ్లేవారికి

కెమీలియాలు డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, అజేలియాలు మార్చి చివరి నుంచి ఏప్రిల్ మొదటి వారాల్లో పూస్తాయి. ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు ఆంద్రే మిషో 1786లో చార్లెస్టన్ దగ్గర నర్సరీ పెట్టాడు. ఆయన ఇచ్చినవిగా చెప్పే నాలుగు కెమీలియాల్లో ఒకటి ఇంకా బతికి ఉంది. ఎక్కడుందో గైడును అడిగితే చూపిస్తారు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఎండ, ఉక్క, దోమలు. యజమానులే పారిపోయిన కాలం అది.

నడక వరస మారిస్తే చూసేది కూడా మారుతుంది. నేరుగా పూల వైపు వెళ్లకుండా ముందు ఎలిజాస్ హౌస్, తర్వాత పశువుల దొడ్డి, వడ్రంగి, కమ్మరి పనుల కొట్టాలు, ఆ తర్వాత వరి మడి చూసి, చివర్లో గట్ల మీదికి వస్తే ఆ గట్లు ఎవరికి చేతనైన పనో తెలిసి చూసినట్టవుతుంది. అంతర్యుద్ధానికి ముందు ఈ కుటుంబం వరి మళ్ల బురద పనికి గేదెలను కూడా విదేశాల నుంచి తెప్పించింది. అమెరికా తోటలో గేదె కథ వినగానే తెలుగు పిల్లలు చెవులు నిక్కబొడుచుకుంటారు.

హౌస్ మ్యూజియం టూర్‌కు మామూలు ప్రవేశ టికెట్ చాలదు, అదనంగా కట్టాలి. తోటకు మాత్రమే మూడు గంటలు పడుతుంది కాబట్టి మాగ్నోలియాను అదే రోజు కలుపుకుంటే రెండూ సగం సగమే అవుతాయి. చెరువు గట్ల మీద పిల్లల చేయి వదలకూడదు. నీళ్లలో మొసలి జాతికి చెందిన ఆలిగేటర్లు ఉంటాయి, ఎండ కాచుకోవడానికి గడ్డి మీదికి వస్తాయి.